పాలసున్నంతో అతికిన తూర్పు గోడ

కృత్తిక కార్తె, ఆదివారం

పోయినేడు వరదకి ముందు విప్పుడు నాడు మందిరం తూర్పు గోడ మీద మొదటి కుండ వేణ్ణీళ్ళు పోసింది నా చేతులే. పోసిన చోటల్లా చింతగింజల జిగురు మెత్తబడి గంజిలా కారింది. పలకకీ పలకకీ మధ్య సందు నోరు తెరిచింది. పొద్దు వాలేసరికి దేవుని ఇల్లు ఆరు పలకలు, నాలుగు గుంజలు, ఒక తాటాకు మోపు అయిపోయింది. ఆ సాయంత్రం నేను తిండి తినలేదు. ఏడాదిగా ఆ దిగులు నన్ను వదల్లేదు.

కొంగలదిబ్బ మీద అందరి ఇళ్ళకీ ఇదే రాత. ఎండల్లో గోడగా నిలబడిన పలకే వరదలో పడవ అవుతుంది. పాతకాలపు జిగుర్లన్నిటినీ చిమ్మట పురుగు తినేసింది, మేకుల్ని ఉప్పుగాలి తినేసింది. అప్పుడు మా తాతలు ఈ దారి పట్టారు. గింజ దంచి, నీళ్ళలో కాచి అతికించుకోవాలి. వరద రాకముందే వేణ్ణీళ్ళు పోసి విప్పుకోవాలి. విప్పిన పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి, సందుల్లో గుగ్గిలం పూసి నీళ్ళలోకి దించాలి. నీళ్ళతో విడని అతుకు వేయకూడదన్నది దిబ్బ కట్టుబాటు. దాని మీద వాదించినవాడు ఇంతవరకూ లేడు.

ఈ రోజు నేను వాదించాను.

వారమంతా జిగురు కాచేవాణ్ణి, ఆదివారం వాక్యం చెప్పేవాణ్ణి. ఏ బోధకశాల గడపా తొక్కలేదు. అట్ట ఊడిన లేఖనం ఒకటి జిగురు పొయ్యి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే నాకు ఏ మాటైనా పొయ్యి వేడితోనే బయటికొస్తుంది. "వినండి!" అన్నాను. "ఓడ కట్టినాయనకి లోపలా బయటా కీలు, నీళ్ళు చొరని తారు, పూయమని సెలవైంది. జమ్ము పెట్టెలో బిడ్డని ఏటిలో వదిలిన తల్లి ఆ పెట్టెకి కీలు పూసింది. గంజి పూసిందా? మరి దేవుని ఇంటికి మనం ఏం పూస్తున్నాం? ఎండాకాలం డేరాగాళ్ళలా, వానచుక్క పడితే మూట కట్టుకునేవాళ్ళలా, ఎన్నాళ్ళు? ఈ ఏడు తూర్పు గోడని నీళ్ళకి విడని పాలసున్నంతో అతుకుదాం!"

పడవలు కుట్టే లోవరాజు వెనక వరసలోంచి లేచాడు.

"అయ్యగారూ, ఆ ఓడ కట్టినాయన దిగాక మళ్ళీ దాన్ని విప్పి ఇల్లేసుకోవాల్సిన పని లేదండి. మనకుందండి."

జనం నవ్వారు. నాకు చెవులు కాలాయి.

"నీ విశ్వాసం తాడుతో కుట్టినది లోవరాజూ, అందుకే చిల్లులు" అన్నాను. అప్పుడు జనం ఇంకా గట్టిగా నవ్వారు. లోవరాజు కూర్చున్నాడు. ఆ నవ్వుతో నేను గెలిచాను అనుకున్నాను.

రోహిణి కార్తె, మంగళవారం

తూర్పు గోడలో ఉండేవి దిబ్బ మీద పొడుగైన ఆరు టేకు పలకలు. ఆరిళ్ళ పెద్ద పడవలకి అడుగుపలకలు అవి. ఎండాకాలం వాటిని మందిరానికి ఇవ్వడం ఆ ఆరిళ్ళకి గౌరవం. పెద్దపాయ ప్రవాహాన్ని దాటగలిగేవి ఆ పలకలతో కుట్టిన పడవలే. మిగతావి కాలువల్లో తిరిగే చిన్న తెప్పలు. ఇలాంటి పలక ఒకటి పోతే ఇంకొకటి రాదు, అలాంటి చెట్లు ఇప్పుడు లేవు.

తన పలకని గోడకి శాశ్వతంగా ఇస్తానని మొదట ముందుకొచ్చింది రాహేలమ్మ. ఆమె పెనిమిటి జక్రయ్య పెద్దపాయ అవతల ఉప్పుమడుల దగ్గర కాపలా. ఎండలన్నీ అక్కడే మంచె మీద ఉంటాడు. వరద ముందు రాహేలమ్మ పడవ వేసుకెళ్ళి తెచ్చుకుంటుంది. ఈ రోజు పాయకి అడ్డంగా ఉన్న మట్టిగట్టు మీదుగా ఉప్పు బస్తాతో దిబ్బకొచ్చాడు. మాట అక్కడే తేలింది.

"పలక గోడకిచ్చేత్తే నన్నెవరు తెత్తారే?" అన్నాడు జక్రయ్య.

"నడిచి రా. కాళ్ళు లేవా? వరదకి ముందు గట్టు పొడిగానే ఉంటాది కదా."

"కాళ్ళున్నాయే. బుర్రే లేదు, ఉంటే నిన్ను చేసుకునేవోణ్ణా?"

"అయ్యగారి ముందు ఏంటా మాటలు!"

"ఆయనకీ తెలుసులే" అని నా వైపు చూసి నవ్వాడు. "మడుల్లో ఉప్పు కుప్పలు కప్పేసి పునర్వసుకి ముందే నడిచొచ్చేత్తానండి. గోడ ప్రతిష్ఠ ఆ ఆదివారానికే పెట్టుకోండి. నేనూ ఉంటాను."

ఏటా వరద పుష్యమికి గానీ రాదు. నేను సరే అన్నాను. మిగతా అయిదిళ్ళవాళ్ళూ, చివరికి లోవరాజూ, రాహేలమ్మని చూసి ఒప్పుకున్నారు.

రోహిణి కార్తె, శనివారం

వెన్న తీసిన పాలే పనికొస్తాయి. వెన్న ఉంటే అతుకు జారుతుంది. దిబ్బ మీద గేదెల పాలన్నీ మూడు పూటలు మందిరానికే వచ్చాయి. పిల్లలకి గంజి పోశారు. పుల్లమజ్జిగ కలిపి పాలు విరగ్గొట్టాను. విరుగుడుని గుడ్డలో మూటకట్టి రాయి పెట్టి పిండాను, నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాను. గుల్లసున్నం తడిపి, వడగట్టి, కొంచెం కొంచెంగా కలుపుతూ రోట్లో నూరితే, పొడిపొడిగా ఉన్న విరుగుడు ఉన్నట్టుండి తేనెలా సాగింది. తెల్లటి తేనె. ఒక్క పూటే ఆగుతుంది. తర్వాత రోట్లోనే రాయి అవుతుంది. అందుకని అందరం ఒకేసారి పనిలోకి దిగాం.

దిబ్బ మీద అతుకు ఎప్పుడూ ఇద్దరు పడతారు, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. పట్టు కుదిరేదాకా చెయ్యి తీయరు. మొదటి అతుక్కి ఆ కొస రాహేలమ్మ, ఈ కొస నేను. ఎండలో చెమట కళ్ళలోకి కారుతున్నా ఆమె కదల్లేదు. పాటలు పాడింది. ఆరు పలకలూ ఒకటయ్యాయి. గోడని తాళ్ళతో గుంజలకి కట్టి నిలబెట్టాం.

గోడ గట్టిపడ్డాక ఒక కుండెడు సలసల కాగే నీళ్ళు అతుకు మీద పోయించాను. నీళ్ళు జారిపోయాయి. అతుకు మీద చెయ్యి రాస్తే సందు తగల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కేక పెట్టాను. నా కేకకి కొంగలు లేచాయి.

(తరువాత చేర్చిన మాట: ఈ పేజీ చించెయ్యాలని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. చించలేదు. ఆ కేక పెట్టినవాణ్ణి నేనే అని ఎవరైనా చదవాలి.)

మృగశిర కార్తె, బుధవారం

రేవులో కబురుపెట్టె పొద్దున్నే మోగింది. ఎగువ పాత ఆనకట్ట తెగిందని, నీళ్ళు బయల్దేరాయని, దిబ్బలవాళ్ళు వెంటనే విప్పుకోవాలని ఒక ఆడపిల్ల గొంతు చెప్పిందే చెప్పింది. వరదకి ఇంకా చాలా రోజులుందని మడులు కప్పని జక్రయ్య అవతల ఉన్నాడు.

దిబ్బంతా పొయ్యిలు రాజేసింది. ఎక్కడ చూసినా ఆవిరి, జిగురు కారుతున్న గోడలు, పలకలు మోసే జనం. రాహేలమ్మ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యగారూ, పలక ఇప్పించండి. ఆయన్ని తెచ్చుకుంటాను."

ఆ క్షణాన ఆమెకి నేనివ్వాల్సిన జవాబు ఒక్కటే. తాళ్ళు కోసి, గోడ దించి, ఏం చెయ్యాలో అందరం కలిసి చూడాలి. నేను అది చెయ్యలేదు. గోడ వైపు చూశాను. ప్రతిష్ఠ కాని గోడ. వరద ముందు నిలబడబోయే మొదటి గోడ. సముద్రం రెండుగా చీలిన సంగతి నా నోట్లోకి వచ్చింది. దానికంటే ముందు నా మొండితనం వచ్చింది.

"భయపడకమ్మా. నీళ్ళ చప్పుడు వినగానే జక్రయ్య గట్టు పట్టుకుని బయల్దేరి ఉంటాడు. మోకరించు. ఆయన నడిచొచ్చేదాకా ప్రార్థిద్దాం."

రాహేలమ్మ మోకరించింది. నా మాట అంటే ఆమెకి అంత నమ్మకం. నేను ప్రార్థించాను. ఎంత బాగా ప్రార్థించానో! ఎర్రసముద్రం, యొర్దాను, తుపానులో నిద్రపోయిన పడవ, దేన్నీ వదల్లేదు. పొద్దు నడినెత్తికొచ్చేదాకా వదల్లేదు.

లోవరాజు గుమ్మంలోకి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"గట్టు మునిగిపోయిందండి" అన్నాడు. "ఇంకెవరూ నడిచిరారు."

రాహేలమ్మ లేచింది. నా వైపు చూడలేదు. గోడ దగ్గరికెళ్ళి తన పలకని వెతుక్కుంది. దాని మూల మీద వాళ్ళ ఇంటి గుర్తు, ఒక చేప ముల్లు, చెక్కి ఉంది. అక్కడ గోళ్ళతో గీరడం మొదలెట్టింది.

మృగశిర కార్తె, గురువారం

వేణ్ణీళ్ళు పోశాం. పుల్లమజ్జిగ పోశాం. చింతపండు పులుసు తీసి మరగబెట్టి పోశాం. నిప్పు సెగ చూపించాం, టేకు కమిలిందిగానీ అతుకు కదల్లేదు. లోవరాజు చేవకర్ర చీలలు పెట్టి సుత్తితో కొట్టాడు. చివరికి ఏదో చీలిన చప్పుడైంది. చీలింది అతుకు కాదు. పక్కనున్న పలక, నిట్టనిలువునా.

లోవరాజు సుత్తి కింద పడేశాడు.

"జిగురంటే ఇదండి అయ్యగారూ. చెక్క చస్తాదిగానీ ఇది చావదు. ఇన్నేళ్ళు జిగురు కాచారు, ఒక్క అతుకూ ఇంత బాగా కుదరలేదు మీకు."

వెక్కిరించాడో మెచ్చుకున్నాడో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

చిన్న తెప్పలో వెళ్తానని రాహేలమ్మ బయల్దేరితే నలుగురు పట్టుకుని ఆపారు. పెద్దపాయలో అది ఆకులా తిరగబడుతుంది. ఆమె వాళ్ళని కొట్టింది, కొరికింది. తర్వాత ఉన్నట్టుండి ఊరుకుంది.

"గోడ తేలదా?" అంది.

అందరం గోడ వైపు తిరిగాం.

"పలక తేల్తాది కదా. ఆరు పలకలు అతికితే తేలదా? లోవరాజన్నా, నిన్నే అడుగుతున్నా."

లోవరాజు గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. "తేల్తాదమ్మా. తిప్పడం మాత్రం మన చేతిలో ఉండదు. అది పడవ కాదు, బల్ల."

"వెదుర్లు తియ్యండి" అంది.

తాళ్ళు నేను కోశాను. దేవుని ఇంటి తూర్పు గోడ ఒక్క ముక్కగా నేల మీదికి వచ్చింది. పదిమందిమి మోసి నీళ్ళలోకి దించాం. చీలిన పలకతో సహా, తేలింది. లోవరాజు ఎక్కాడు. రాహేలమ్మ ఎక్కింది. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేనూ ఎక్కాను.

మృగశిర కార్తె, శుక్రవారం

రాత్రంతా పెద్దపాయ నడుమ గోడ గిరగిర తిరిగింది. ముక్కు లేనిదానికి దారి చూపించడం ఎవరి తరమూ కాదు. వెదుర్లతో పొడిచి పొడిచి చేతులు బొబ్బలెక్కాయి. మడుల వైపు చేరేసరికి ఉదయం పొద్దు బాగా ఎక్కింది. మడులు లేవు. ఎర్రటి నీళ్ళ మీద మంచె గుంజలు రెండు మాత్రం కనబడుతున్నాయి. ఒక గుంజకి జక్రయ్య తనని తాను తాడుతో కట్టుకుని ఉన్నాడు.

బతికే ఉన్నాడు. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పక్కటెముకలకి తగిలిందట. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఏదో గరగరలాడుతోంది. లోవరాజూ నేనూ ఎత్తి గోడ మీద పడుకోబెట్టాం. కళ్ళు తెరిచి కింద తడిమి చూశాడు.

"ఇదేంటే? పడవేదీ?"

"పడవ గోడైపోయింది. నువ్వు మాట్లాడకు" అంది రాహేలమ్మ. తన చీర కొంగుతో అతని ముఖం తుడిచింది.

"గోడేసుకొచ్చావా నాకోసం?" నవ్వబోయి దగ్గాడు. నీళ్ళలో రక్తం కలిసింది. తల తిప్పి నన్ను చూశాడు. "గట్టిగా అతికించారండి అయ్యగారూ. ఒక్క చుక్క రావట్లేదు లోపలికి."

"జక్రయ్యా..." అన్నాను. నేనేం చెప్పాలో ఎప్పుడూ చెప్పే లేఖనం నా నడుం గుడ్డలో తడిసి ముద్దై ఉంది.

"మరేం లేదులెండి. ఆదివారం గుళ్ళో నిద్రపోతన్నానని తిట్టేవోరు కదా. ఇయ్యాల గుడే నా కిందకొచ్చింది. ఇక తిట్టకండి."

రాహేలమ్మ అతని తలని తొడ మీద పెట్టుకుంది. దిబ్బ కనబడేదాకా మడుల సంగతి చెప్పాడు, ఏ కుప్ప కప్పాడో, ఏది కప్పలేకపోయాడో. కప్పనివన్నీ కరిగిపోయాయని అతనికి తెలుసు, అయినా చెప్పాడు. కప్పలేకపోయినందుకు ఆమెకి క్షమాపణలాంటిది చెప్పాడు. దిబ్బ మీద పొగ కనబడ్డాక మాట ఆగింది. నిద్రపోయాడనుకున్నాం. రాహేలమ్మకి మాకంటే ముందు తెలిసింది. ఆమె చెప్పలేదు. రేవులో తాడు అందుకునేదాకా అతని జుట్టు దువ్వుతూనే ఉంది.

మృగశిర కార్తె, ఆదివారం

వరద రోజుల్లో పూడ్చడానికి పొడినేల ఉండదు. అలాంటప్పుడు పోయినవాణ్ణి వాళ్ళ ఇంటి పలక మీద పడుకోబెట్టి పాయలో వదిలేస్తాం. సముద్రం దాకా అతని ఇంటిదే అతనికి తోడు.

రాహేలమ్మ రేవులో కట్టేసిన గోడ దగ్గరికొచ్చి నిలబడింది. రెండు రోజులుగా రంపంతో నేను ఆ పలక చుట్టూ కోస్తున్నాను. రంపం పళ్ళు సగం పోయాయి. పలక వెడల్పు కూడా రాలేదు కోత.

"వచ్చిందాండి?"

"రాలేదమ్మా. ఇంకా రెండు రోజులు..."

"ఆయన రెండు రోజులు ఉండడండి."

నేను రంపం కింద పెట్టాను. తర్వాత ఆమే అంది. "అయితే గోడంతా పంపేద్దాం."

గోడలో మిగతా అయిదిళ్ళ పలకలు ఉన్నాయి, ఎప్పటికైనా కోసి విడదీసుకోవచ్చు. అవి పోతే పెద్దపాయ దాటే పడవ మళ్ళీ మా దిబ్బకి ఉండదు. ఆ మాట నేను చెప్పాలి కాబట్టి చెప్పాను. "అడుగుతాను" అంది. ఆమె వెంట నేనూ ప్రతి ఇంటివాళ్ళ తెప్ప ముందుకూ వెళ్ళాను. అడిగింది ఆమె. పక్కన తలొంచుకుని నిలబడింది నేను. మొదటి నాలుగిళ్ళవాళ్ళూ ఏమీ అనకుండా తలూపారు. అయిదో ఇల్లు లోవరాజుది. చీలిన పలక అతనిదే.

"మా తాత చెక్కిన పలకండి అది" అన్నాడు నాతో. ఆమెతో కాదు. "నాకు పిల్లలున్నారు. రేపు వాళ్ళు పాయ దాటాలంటే ఏం కడతాను, మీ వాక్యం కడతానా?"

"నాకు తెలీదు లోవరాజూ" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నది మొదటిసారి.

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత భుజం మీది తుండు తీసి దులిపాడు. "తీసుకెళ్ళమ్మా. జక్రయ్య బావ ఒంటరిగా పోకూడదు."

మధ్యాహ్నానికి రేవులో దిబ్బంతా చేరింది. గోడ మీద కొత్త చాప పరిచారు. జక్రయ్యని పడుకోబెట్టారు. పక్కన ఒక మూట ఉప్పు పెట్టారు. అందరూ నా వైపు చూశారు. నేను లేఖనం తీశాను. తడిసి ఆరిన పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు.

"వాక్యం వద్దండయ్యా ఇయ్యాల" అంది రాహేలమ్మ. మెల్లగానే అంది. కోపం లేదు, ఉంటే బావుండేది. "ఆయన పేరు పలకండి చాలు. గట్టిగా పలకండి. ఆయనకి వినబడాలి."

"జక్రయ్యా!" అని పిలిచాను. నా గొంతులో ఉన్నదంతా ఆ ఒక్క పేరులో పోసి పిలిచాను. ఇంకేం చెప్పలేదు.

తాడు నా చేతిలోనే ఉంది. వదిలాను.

ప్రవాహం గోడని అందుకుంది. ఒకసారి తిప్పింది, రెండుసార్లు తిప్పింది, కొట్టుకొచ్చే దుంగలకేసి కొట్టింది. జనం తమ తెప్పలకి వెళ్ళిపోయారు. రాహేలమ్మా నేనూ ఉండిపోయాం. పాయ మలుపు దగ్గర ఆ తెల్లటి గీతలు, నేను నూరి పూసిన గీతలు, ఎండలో మెరిశాయి. కనుచూపు దాటేదాకా చూశాను. ఒక్క అతుకైనా విడలేదు.